రెండు రేకు ముక్కల మీది అక్షరాలు

2022 వేసవి. పావగడ బస్టాండుకు నాలుగు అంగళ్ల అవతల మా మందుల షాపు. అప్పటికి అది పెట్టి పదకొండేళ్లు. షాపంటే ఒక షట్టరు, ఒక గాజు కౌంటరు, ఒక ఫ్రిజ్జు, నేను. మా ఆయన పొద్దున షట్టరు ఎత్తి తన స్కూలుకు వెళ్లిపోతారు. సాయంత్రం దాకా నేనొక్కదాన్నే. పది నుంచి ఒంటిగంట వరకు ఊపిరాడదు. చుట్టుపక్కల పల్లెల బస్సులన్నీ ఆ వేళకే వస్తాయి.

జరిగింది చెప్పే ముందు నాకున్న ఒక అలవాటు గురించి చెప్పాలి. నేను డి.ఫార్మ్ తుమకూరులో చదివాను. ఇంట్లో తెలుగు, పదో తరగతి దాకా బడిలో కన్నడ. ఒక్కసారిగా ఇంగ్లిషులో మందుల పేర్లు మీద పడ్డాయి. HYDROCHLOROTHIAZIDE అన్న మాటను మొదటిసారి బోర్డు మీద చూసినప్పుడు అది ఒకే మాటా, నాలుగు మాటలా అన్నది కూడా తెలియలేదు. హాస్టల్లో నా గదిలో ఉండే సుజాతదీ అదే పరిస్థితి. ఇద్దరం కలిసి ఒక ఆట కట్టుకున్నాం. ఒకరు నాలుగో ఐదో అక్షరాలు చెప్పాలి. రెండోవారు ఆ అక్షరాలు అదే వరుసలో వచ్చే మందు పేరు, అన్నిటికన్నా పొడవైనది, చెప్పాలి. CHLOR అని తను అంటే నేను CHLORPHENIRAMINE అని గర్వంగా చెప్పేదాన్ని. తను నవ్వి HYDROCHLOROTHIAZIDE చెప్పి గెలిచేది. బస్సులో, మెస్సులో, బట్టలు ఉతుకుతూ, ఎక్కడపడితే అక్కడ ఆడేవాళ్లం. ఆ ఆటతోనే పరీక్షలు గట్టెక్కాను.

షాపు పెట్టాక ఆ ఆట నాకు అన్నం పెట్టింది. డాక్టరు రాసిన చీటీలో సగం మాట అర్థమైతే చాలు, మిగతా సగం నా నోటికి వచ్చేసేది. పక్క షాపులవాళ్లు కూడా అర్థంకాని చీటీలు నా దగ్గరికి పంపేవారు. ఇదేమిటి పద్మక్కా అని అడిగితే చూసీ చూడగానే చెప్పేదాన్ని. ఆ చూసీ చూడగానే చెప్పడంలో నాకొక సంతోషం ఉండేది. దాచుకోను.

ఆ రోజు పదిన్నరకు కౌంటరు ముందు జనం ఉన్నారు. వాళ్ల వెనక నుంచి ఒకామె చెయ్యి చాపి పిలిచింది.

"అక్కా, మా ఆయప్పకి ఒళ్లంతా దద్దుర్లు లేసినాయి. దురదకి పూసే ఆయింట్‌మెంటు ఏదన్నా ఈక్కా, బస్సు పోతాది."

ఆమె రాయచెర్లు అనే పల్లె నుంచి వచ్చే అంజినమ్మ. అప్పుడప్పుడు అత్తగారి మోకాళ్ల నొప్పులకు మాత్రలు తీసుకుపోతుంది. భర్త ఓబులేసు ఒకప్పుడు గొర్రెలు కాసేవాడు. సోలార్ పార్కు వచ్చాక అందులో ఒక బ్లాకుకు వాచ్‌మన్‌గా చేరాడు.

"ఎన్ని రోజులైంది?" అన్నాను.

"మూడు దినాలాయ. మా అత్త అమ్మోరు పోసింది అంటాది. యాపాకు పరిచి పండబెట్టింది. తగ్గలే."

"మనిషి యాడున్నాడు?"

"ఈడే, మెట్టు మీద కూసున్నాడు."

కౌంటరు దాటి బయటికి వచ్చాను. ఓబులేసు తలమీద తువ్వాలు కప్పుకుని వంగి కూర్చున్నాడు. తువ్వాలు కొంచెం తీసి చూశాను. కళ్లు నిప్పుల్లా ఉన్నాయి. పెదాలు పగిలి నెత్తురు ఎండి నల్లగా కట్టింది. మెడ మీద, ఎదురొమ్ము మీద ముదురు రంగు మచ్చలు. అమ్మవారైతే నీటి పొక్కులుండాలి. ఇవి కాలిన మరకల్లా ఉన్నాయి. నుదుటి మీద చెయ్యి పెడితే జ్వరం.

"దురదగా ఉందా, నొప్పిగా ఉందా అన్నా?"

"నొప్పమ్మా," అన్నాడు పెదాలు కదపకుండా. "అంగీ తగిలినా నొప్పే. ఎంగిలి మింగనీకి కాలేదు."

కొన్ని మందులు కొందరి ఒంటికి పడవు. పడకపోతే అందరికీ దద్దుర్లతో పోదు. నోట్లో, కళ్లలో, ఒంటిమీద పొరలు నిప్పు తగిలినట్టు ఊడిపోతాయి. మేము దాన్ని డ్రగ్ రియాక్షన్ అంటాం గానీ అది ప్రాణాల మీదికి వచ్చే రకం. ఆయింట్‌మెంటు పూసి ఇంటికి పంపే జబ్బు కాదు.

"ఈ మధ్య కొత్త మాత్రలేమన్నా వేసుకున్నాడా?"

"ఫిట్సు మాత్రలు. రెండు మార్లు పడిపోయినాడు కదా, అప్పుడు పోయి రాయించుకొచ్చినాం, ఆంధ్రా పక్క. మూడు వారాలాయ."

"చీటీ?"

"అంగీ జోబిలో ఉండె. ఉతికితే పిండి పిండి అయిపోయ." ఆమె సంచిలో వెతికి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. "ఇవి రెండే ఉండాయి."

కవర్లో ఖాళీ అయిన రెండు రేకు ముక్కలు. ఒక్కో మాత్ర ఉండే ఒక్కో గడి. పది మాత్రల స్ట్రిప్పులో నాలుగో ఆరో కావాలంటే మేము కత్తెరతో కోసి ఇస్తాం. ఇంటికెళ్లాక మనుషులు కూడా పూటకొకటి కత్తిరించుకుంటారు. కంపెనీవాళ్లు పేరును రేకు వెనక ఒక్కటే వరుసలో అచ్చు వేస్తారు గనక కత్తెర పడ్డప్పుడల్లా పేరు ముక్కలవుతుంది. ఒక ముక్క మీద AZEP. రెండో ముక్క మీద AM. అంతే. మిగతా అచ్చు చేతుల రాపిడికి పోయింది.

నాకు నిమిషం కూడా పట్టలేదు. AZEP, దాని పక్కన AM. AZEPAM. ఆ తోకతో ముగిసే మందులు ఒక కుటుంబం. డయాజెపామ్, లోరాజెపామ్, క్లోనాజెపామ్. వీటిలో ఫిట్సుకు రోజూ వేసుకోమని రాసేది ముఖ్యంగా క్లోనాజెపామ్. తెల్ల కాగితం తీసి పెద్ద అక్షరాలతో CLONAZEPAM అని రాశాను. పక్కన మూడు వారాలు అని రాసి అంజినమ్మ చేతిలో పెట్టాను.

"ఈ చీటీ డాక్టరుకి చూపించు. ఏ మాత్రా వెయ్యద్దు. ఆటోలో సీదా గవర్నమెంటు ఆసుపత్రికి పో. నేను ఫోన్ చేస్తా. ఇంట్లో ఇంకేమన్నా ముక్కలున్నాయా?"

"అయిపోయినాయిక్కా మాత్రలు."

ఆమె మాత్రల గురించి చెప్పింది. నేను ముక్కల గురించి అనుకున్నాను. మళ్లీ అడగలేదు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చాలా కాలంగా తెలిసిన మనిషి. చూసిన వెంటనే అంబులెన్సు పిలిపించి తుమకూరు పెద్దాసుపత్రికి పంపారు. పంపేటప్పుడు ఉత్తరంలో నేను రాసిన పేరే రాశారు. పదకొండున్నరకు అంబులెన్సు బస్టాండు ముందు నుంచి మోత పెట్టుకుంటూ వెళ్లింది. నేను కౌంటరు వెనక నిలబడి చూశాను. మంచి పని చేశానని అనిపించాలి. అనిపించలేదు.

చేతులు పనిలో లేవు. ఒకాయనకు బీపీ మాత్రల బదులు షుగరు మాత్రలు తీసి, తప్పు చూసుకుని వెనక్కి పెట్టాను. ఇంకొకరికి చిల్లర రెండుసార్లు ఇచ్చాను. పదకొండేళ్లలో ఎంతోమంది క్లోనాజెపామ్ తీసుకెళ్లారు. నిద్రమత్తు అన్నారు, తల తిరిగింది అన్నారు. ఒళ్లు ఇలా కాలిందని ఎవరూ రాలేదు. అరుదుగా జరగొచ్చులే అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకున్న కొద్దీ లోపల గీకుతున్నట్టే ఉంది.

ఒక ముసలాయన ఆరు మాత్రలు అడిగాడు. స్ట్రిప్పు తీసి కత్తెర పెట్టాను. పేరు చివర, ఆ తర్వాతి మాటకు ముందు, కాస్త ఖాళీ ఉంటుంది. కత్తెర సరిగ్గా ఆ ఖాళీ మీద ఉంది. నా చెయ్యి ఆగిపోయింది.

మాట అయిపోతే తర్వాత ఖాళీ ఉండాలి.

రేకు ముక్కలు కౌంటరు మీదే వదిలేసి పోయింది అంజినమ్మ. AM ముక్క తీసి ట్యూబులైటు కింద పెట్టాను. M తర్వాత, కత్తిరించిన అంచుకు ఆనుకుని, సన్నని ఏటవాలు గీత. ఖాళీ కాదు. ఇంకో అక్షరం కాలు. పేరు AM దగ్గర ముగియలేదు. ఆ వాలు గీత A అక్షరానికి ఎడమ కాలు.

రెండు ముక్కలనూ వేళ్లతో తిప్పి పెట్టాను. AM ముందు, AZEP వెనక. AMAZEP.

కార్బమజెపీన్. CARBAMAZEPINE. ఫిట్సుకు ఇచ్చే మందే. ఒళ్లు కాల్చే రియాక్షన్ అనగానే చదువుకున్నవాళ్లకు ముందుగా గుర్తుకు రావలసిన పేర్లలో ఒకటి. అక్షరాలు దొరికాయన్న సంబరంలో వాటి వరుస చూసుకోలేదు నేను.

ఆ తప్పు ఎంత పెద్దదో అప్పుడు తట్టింది. ఓబులేసుకు జ్వరం ఉంది, ఫిట్సు మాత్ర ఆగిపోయింది. దారిలో మళ్లీ ఫిట్సు రావచ్చు. వస్తే డాక్టర్లు ఏం చేస్తారు? నా చీటీ ప్రకారం క్లోనాజెపామ్ పడలేదు కాబట్టి దాని కుటుంబం మందులన్నీ పక్కన పెడతారు. నిజానికి అతనికి భయం లేకుండా ఇవ్వదగినవి అవే. వాటి బదులు ఎక్కడైనా దొరికే ఫెనిటోయిన్ ఇంజెక్షను తీస్తారు. అది కార్బమజెపీన్‌కు దగ్గరి చుట్టం. ఒకటి పడనివాడికి రెండోది కూడా పడకపోవచ్చు. మంటల్లో ఉన్న ఒంటిమీద మళ్లీ నిప్పు పోసినట్టు. మేలు చేసేదాన్ని దూరం పెట్టించి, కీడు చేసేదాన్ని దగ్గర చేర్చింది నా చేతిరాత.

డాక్టరుకు ఫోన్ చేశాను. రెండోసారికి ఎత్తారు. గబగబా చెప్పాను.

ఆయన అంతా విన్నారు. తర్వాత అన్నారు, "ఇందాక క్లోనాజెపామ్ అంటివి. ఇప్పుడు ఇంకోటి అంటావు. ఇదీ ఊహేనా పద్మమ్మా?"

"అక్షరాలు చూసి చెప్తున్నా సార్."

"అదీ అక్షరాలు చూసే చెప్తివి కదా. రెండూ వద్దని చెప్పమంటే చెప్తా. కానీ దావలో ఫిట్సు వస్తే చిన్నాసుపత్రిలో ఇంక ఏముంటాది ఇచ్చేదానికి? నాకు ఖాయంగా కావల. నేను అంబులెన్సోళ్లకి ఫోన్ చేస్తా ఉంటా, నువ్వు చూడు."

ఆయన మాటలో తప్పేమీ లేదు. అంజినమ్మ ఫోను కలవలేదు. షట్టరు సగం దించుతుంటే జనం అరిచారు. "ఓ గంటలో వస్తా" అని స్కూటీ తీశాను.

రాయచెర్లు దారి నాకు కొత్త కాదు. ఆ రోజు మాత్రం రోడ్డు తరగలేదు. రెండు పక్కలా కంచెలు, కంచెల వెనక వరస మీద వరస సోలార్ పలకలు, వాటి మీద మధ్యాహ్నపు ఎండ. ఎటు చూసినా కళ్లు చెదిరాయి. ఇంట్లో ముక్కలు లేకపోతే ఏం చెయ్యాలి, చెత్తలో వేసి కాల్చేసి ఉంటే ఏం చెయ్యాలి అనుకుంటూ రెండుచోట్ల గుంతలు చూసుకోకుండా పోనిచ్చాను.

ఓబులేసు వాళ్ల అమ్మ నరసమ్మ గడపలో కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచింది.

"నా కొడుకు ఎట్లుండాడమ్మా? అమ్మోరిని ఇంట్లోంచి లేపి తీసుకపోతిరి. తప్పమ్మా, అట్ల చెయ్యగూడదు."

"అమ్మోరు కాదవ్వా, మాత్ర పడలేదు. ఆ ఫిట్సు మాత్రల రేకులు యాడేసినారు? ఖాళీవి."

"రేకులా? నాకే ఇస్తాడు నా కొడుకు. పారేసేదెందుకు?"

"యాడున్నాయి అవ్వా?"

ఆమె ఇంటి వెనక్కి నడిచింది. బావి నీళ్లతో పెంచుకున్న చిన్న మిరప నారుమడి. దాని చుట్టూ నాలుగు పుల్లలు పాతి దారం లాగి ఉంది. దారానికి మందుల రేకు ముక్కలు, పదులకొద్దీ, గాలికి తళతళమంటూ ఊగుతున్నాయి.

"పిట్టలు రాకుండా కట్టినా," అంది.

దారం తెంపబోతే నా చెయ్యి పట్టుకుంది. "నారు పోతాదమ్మా. నెల దినాలు నీళ్లు మోసినా."

"అవ్వా, వీట్లో ఒక దాని మీద నీ కొడుకు ఏం మాత్ర మింగినాడో రాసుంటాది. అది తెలిస్తేనే ఆడ సరైన సూది వేస్తారు."

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత చెయ్యి వదిలేసి, పళ్లతో తనే దారం కొరికింది.

ఇద్దరం నేలమీద కూర్చుని ఒక్కో ముక్కా తీసి చూశాం. నేను చూశాను, ఆమె కొంగుతో తుడిచి అందించింది. జ్వరం మాత్రలు. కాల్షియం. ఆమె మోకాళ్ల నొప్పుల మాత్రలు, వాటిలో చాలావరకు నా షాపులో నేను కోసి ఇచ్చినవే, పేరు సగానికి తెగి ఉన్నవి. చాలా ముక్కల మీద ఎండకు అచ్చు వెలిసిపోయింది. ఒకదాని మీద INE ఉంది. అది చాలదు, INE తో ముగిసే మందులు లెక్కలేనన్ని. ఇంకోదాని మీద ZEPI. కొంచెం ఊపిరి వచ్చింది. అయినా సరే, ఈసారి సరిపోయినట్టు కనిపించేది వద్దు, ఉన్నదే కావాలి అనుకున్నాను. దీని పోలికతోనే OXCARBAZEPINE అని ఇంకో మందు ఉంది. మొదలు చూడకుండా చెప్పను.

"ఇదేమన్నానా సూడు," అని నరసమ్మ ఒక ముక్క ఇచ్చింది. దారానికి ముడి వేసిన చోట మడతపడి ఉంది. మడత లోపల ఎండ తగల్లేదు. విప్పితే నల్లగా, కొత్తగా CARBA. C ముందు గోరంత ఖాళీ. పేరు అక్కడే మొదలైంది. అంచు దగ్గర M మొదటి కాలు నిలువుగా.

ఫోను చూస్తే సిగ్నలు ఒక గీత. రోడ్డు మీదికి పరిగెత్తాను. డాక్టరు ఎత్తగానే, "దొరికింది సార్, మొదలు దొరికింది" అన్నాను. ఆయన అంబులెన్సులో ఉన్నతనికి కలిపారు. ఆ అబ్బాయి రొప్పుతూ చెప్పాడు. దారిలో ఫిట్సు వచ్చాయి, మధుగిరి దాటక ముందే ఒక చిన్న ఆసుపత్రిలో దింపారు, లోపల డాక్టరమ్మ సూది సిద్ధం చేస్తోంది. "ఫోను ఆమెకియ్యి" అని అరిచాను.

"నేను పావగడ ఫార్మసిస్టుని మేడం. ఏం ఇస్తున్నారు?"

"ఫెనిటోయిన్. లెటర్‌లో క్లోనాజెపామ్ రియాక్షన్ అంత ఇదే," అంది ఆమె కన్నడ కలిపి, ఉత్తరంలో అలా ఉందని.

"ఆ పేరు నేను తప్పు రాశాను. అతను వేసుకున్నది కార్బమజెపీన్. ముక్క నా చేతిలో ఉంది."

"స్పెల్లింగ్ హేళి."

ఒక్కో అక్షరం చెప్పాను. పదమూడు అక్షరాలు. చెబుతున్నంతసేపూ ముక్క కేసి చూస్తూనే ఉన్నాను, అక్కడ లేని అక్షరాల దగ్గర కూడా. అవతల ఆమె ఎవరితోనో "అదు బేడ, తెగీరి" అంది. అది వద్దు, తీసెయ్యండి అని. తర్వాత లోరాజెపామ్ పేరు వినిపించింది. నా చీటీ దూరం పెట్టించిన మందు.

ఫోను పెట్టేశాక కంచె పక్కన కూర్చుండిపోయాను. నరసమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చి, "బతుకుతాడా?" అని మాత్రం అడిగింది. తెలియదు అని చెప్పాను.

ఓబులేసు నెలకు పైగా ఆసుపత్రిలో ఉన్నాడు. బతికాడు. చర్మం మళ్లీ వచ్చింది, మచ్చలు మిగిలాయి. కళ్లలో తడి మాత్రం తిరిగి రాలేదు. గంటగంటకూ చుక్కలు వేసుకోవాలి. ఎండ వెలుగు చూడలేడు. ఆ పలకల మధ్య వాచ్‌మన్ పని ఇక చెయ్యలేకపోయాడు. అంజినమ్మ పలకలు కడిగే పనికి కుదిరింది.

ఇంటికి వచ్చిన వారానికి ఇద్దరూ షాపుకు వచ్చారు, కంటి చుక్కల కోసం. అంజినమ్మ ఒక సంచిలో వేరుశనక్కాయలు తెచ్చింది. "నువ్వు లేకపోతే నా సంసారం లేదక్కా" అంది. ఆ మాట విని ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోయాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. మొదటి చీటీ తప్పని, నేనే రాశానని, ఆ సూది పడి ఉంటే ఏమయ్యేదో.

ఓబులేసు నల్లద్దాల వెనక ఏమనుకున్నాడో కనబడలేదు. అంజినమ్మ అడిగింది, "అంటే నువ్విచ్చిన చీటీతోనే పోయుండునా ఈయప్ప?"

"పోయుండొచ్చు."

ఆమె చుక్కల సీసా తీసుకుని మెట్టు దిగింది. వేరుశనక్కాయలు కౌంటరు మీదే ఉన్నాయి. తీసుకుపొమ్మని పిలిచే ధైర్యం నాకు లేకపోయింది. ఆ తర్వాత రెండు నెలలు వాళ్లు వేరే షాపుకు వెళ్లారు. అంజినమ్మ బస్సు దిగి మా షాపు ముందు నుంచే వెళ్లేది. నేను తల ఎత్తేదాన్ని, ఆమె ఎత్తేది కాదు.

ఆ రెండు నెలల్లో నేను కత్తెర వాడడం మార్చుకున్నాను. పేరు ఉన్న వైపు కోయను. ఆ వైపు ముక్క ఎప్పుడూ రోగికే ఇస్తాను. అది కుదరకపోతే చిన్న కవర్లో వేసి పేరు, తేదీ, దేనికో, కన్నడలోనూ తెలుగులోనూ రాస్తాను. జనం ఎక్కువగా ఉన్నప్పుడు తిట్లు పడతాయి. పడనీ. అర్థంకాని చీటీ వస్తే డాక్టరుకు ఫోన్ చేస్తాను. పక్క షాపుల వాళ్లకు నా ఆట మీద నమ్మకం తగ్గింది. అదీ మంచిదే.

ఒక సోమవారం అంజినమ్మ వచ్చి కౌంటరు మీద ఒక గుడ్డసంచి బోర్లించింది. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ. అత్తవి, తనవి, పిల్లవి, ఓబులేసువి.

"వీట్లకంతా పేర్లు రాసీ అక్కా," అంది. ఏమీ జరగనట్టు కాదు, అన్నీ గుర్తుంచుకునే అంది. "తెలిసింది రాయి. తెలీనిది తెలీదని రాయి."

ముప్పావుగంట పట్టింది. ఒక్కొక్కటి చూసి, కవర్లో వేసి, రాసి ఇచ్చాను. చివరికి ఒక ముక్క మిగిలింది. లోపల మాత్ర ఉంది, వెనక రెండే అక్షరాలు, OL. చూడగానే నా బుర్రలో నాలుగు పేర్లు వరసగా లేచాయి. పొడవైనవి, చక్కగా సరిపోయేవి.

కవరు మీద "పేరు తెలియదు, వేసుకోవద్దు" అని రాసి ఆమెకు ఇచ్చాను.